లక్క ముక్కు

మా ఇంట్లో ఒకరిని ఒకరు పూర్తిగా నమ్మిన రోజు నాకు గుర్తు లేదు. ఈ మాట చదివితే మా వదినకు కోపం వస్తుంది. రానీ.

బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో మాది నగల దుకాణం. ముందర షాపు, వెనక పని గది, పైన ఇల్లు. పని గదిలో ఒక మూల మా ఆచారి కుంపటి ముందు కూర్చుని బంగారం కరిగిస్తాడు, సాగదీస్తాడు, నగ చేస్తాడు. ఇంకో మూల, కిటికీ పక్కన, నేను కూర్చుని వాటిలో రాళ్లు పొదుగుతాను. ముందర గల్లా దగ్గర మా అన్న. పని గదిలోంచి ఎవరు బయటికి వచ్చినా సరే గుమ్మం దగ్గర ఇత్తడి బేసినులో చేతులు కడుక్కోవాలి, బట్టలు అక్కడే దులుపుకోవాలి. ఆ నీళ్లు పారబోయకూడదు. ఊడ్చిన దుమ్ము పారెయ్యకూడదు. అంతా ఒక డబ్బాలో పోసిపెడితే నెలాఖరున ఆచారి దాన్ని కాల్చి, కడిగి, అందులో ఉన్న బంగారు పొడిని బయటికి తీస్తాడు. మా నాన్న పెట్టిన పద్ధతి ఇది. ఆయన కూడా చేతులు కడుక్కునే బయటికి వచ్చేవాడు.

నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు అచ్చులో వేస్తే బాగుండదు. ఇల్లు మా అన్నది, షాపూ మా అన్నదే. ఆ కిటికీ పక్క పీట మాత్రం నాది. ఆచారి దగ్గర తిట్లు తిని, వేళ్లు కోసుకుని, పని నేర్చుకుని సంపాదించుకున్న చోటు. నేను ఈ ఇంట్లో ఒకరి దయ మీద బతకడం లేదు అని చెప్పుకోవడానికి నాకున్న ఆధారం అదొక్కటే. ఈ గోలంతా ఆ పీట గురించే.

గ్లైడరు పిచ్చి నాకు ఫోను వల్ల పట్టింది. ఏదో చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. సన్నటి చెక్క రెక్కలున్న చిన్న విమానం లాంటిది ఒకటి, గ్లైడరట. దాని ముక్కు మీద వేలెడంత అట్టగొట్టం, అందులో మందు. దూరంగా నిలబడి బ్యాటరీ స్విచ్చి నొక్కితే మందు అంటుకుని, దీపావళి రాకెట్టు మాదిరి నిట్టనిలువుగా పైకి పోయింది. పైన మందు అయిపోగానే ఆ గొట్టం టప్పున ఊడి కింద పడింది. రెక్కలు మాత్రం గాలిలోనే నిలిచి, చప్పుడు లేకుండా, తొందర లేకుండా, గుండ్రంగా తిరుగుతూ దిగాయి. నేను దాన్ని మళ్లీ మళ్లీ చూశాను. రోజంతా భూతద్దం కింద చిన్న చిన్న రాళ్లు చూసే మనిషిని. అంత పైకి తలెత్తి చూసే పని ఒకటి నాకూ కావాలనిపించింది.

రెక్కలకు బాల్సా అని ఒక చెక్క, దాన్నీ మందు గొట్టాన్నీ ఫోనులోనే తెప్పించుకున్నాను. పార్సిలు విప్పి ఒక పలక చేతిలోకి తీసుకోగానే నాకు కలిగింది అనుమానమే. ఇంత తేలికేమిటి, అట్ట పెట్టి మోసం చేశారా అనుకున్నాను. బరువు చూసి సరుకు కొనే ఇంట్లో పుట్టినదాన్ని కదా. గోరుతో నొక్కితే గుంట పడింది. వాసన చూశాను, చెక్కే. పలకలన్నీ షాపు కాటా మీద పెట్టి తూచాను. చూడడానికి ఒకేలా ఉన్న పలకల్లో ఒకటి ఇంకోదానికంటే బాగా తేలిక. అన్నిట్లోకీ తేలికది రెక్కలకు తీసిపెట్టాను, గట్టిది నడుముకు.

పగలు షాపు పని. సాయంత్రం ఆచారి ఇంటికి పోయాక అదే పీట మీద, అదే కిటికీ పక్కన, నా బాల్సా. దీపం అక్కడే ఉంది, సన్న కత్తులు, శ్రావణాలు, ఎమరీ కాగితం అన్నీ అక్కడే ఉన్నాయి. రెక్కకు ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పలచగా రావాలి. ఎమరీతో మెల్లగా రుద్దుతూ పోవాలి. రుద్దితే రాలే పొడి మైదాపిండి మాదిరి తెల్లగా, మెత్తగా ఉండేది. నా ఒడి నిండా, పీట నిండా, నేల నిండా అదే.

అన్నకు అది నచ్చలేదు. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏంది పాపా ఇది? పని గదా, వడ్రంగి అంగడా?"

నాకు నలభై దాటినా మా అన్నకు నేను పాపనే. ముద్దుగా అన్నా పాపే, తిట్టడానికైనా పాపే.

"నేను ఊడ్చేస్తాను లే అన్నా," అన్నాను.

"నువ్వు ఊడిస్తే అంతా డబ్బాలో పోస్తావు. ఈ పొట్టంతా మన దుమ్ములో కలిస్తే ఆచారి కడగలేక చస్తాడు. నువ్వు గమ్మునుండు. ఈ పొట్టు నేనే ఊడ్చి బయట పారేయిస్తాను."

ఆ రోజు నుంచి నేను లేచిన తరువాత అన్నే చీపురు పట్టేవాడు. తాగిన కాఫీ లోటా తీసి పక్కన పెట్టని మనిషి, వంగి నా మూల ఊడ్చి, చేటలోకి ఎత్తి, వదినకు ఇచ్చేవాడు. మొదట్లో నాకు సంబరంగా ఉండింది. చెల్లెలి పిచ్చి కోసం నడుం వంచాడు కదా అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

రెక్కలు అయ్యాయి, తోక అయ్యింది, నడుము కర్రకు అతికించాను. ఇంక మిగిలింది ముక్కు. గ్లైడరు చెయ్యడంలో అసలు కిటుకు అక్కడే ఉంది. మందు గొట్టం ఊడిపోయాక ముందరి వైపు తేలికైపోతుంది, తోక వైపు బరువు ఎక్కువవుతుంది. అప్పుడు అది తల ఎగరేసి, ఆగి, కుప్పకూలుతుంది. అందుకని ముక్కులో ఏదో ఒకటి బరువు పెట్టాలి. వీడియోల్లో వాళ్లు బంకమట్టి పెడతారు. నా చేతి కింద ఎప్పుడూ ఉండేది లక్క. రాళ్లు పొదిగేటప్పుడు నగ కదలకుండా లక్కలో దిగేసి పట్టుకుంటాము. వేడి చేస్తే మైనంలా మెత్తబడుతుంది, చల్లారితే రాయి. ఇంకేం కావాలి? కొంచెం లక్క కరిగించి ముక్కుకు పెట్టాను. మేడ మీద నుంచి మెల్లగా వదిలి చూసి, చాలకపోతే ఇంకొంచెం. గుండ్రంగా, నల్లగా, నున్నగా చక్కగా కుదిరింది. చూసుకుని మురిసిపోయాను.

నగల ఇంట్లో లక్క అంటే ఏమిటో నేను ఆ మురిపెంలో మరిచిపోయాను. బోలుగా ఉన్న గుండ్లలో, గాజుల్లో లక్క నింపుతారు. దొంగతనం చెయ్యదలచినవాడు బంగారం తీసి లక్క పెట్టినా, లక్కలో బంగారం పొడి కలిపి దాచినా, పైకి ఏమీ తెలియదు. అందుకే ఎవరైనా పాత నగ తెచ్చి గల్లా మీద పెడితే మా అన్న ముందు అడిగేది ఒకటే, లోపల లక్క ఉందా అని. ఆ ప్రశ్న అడగని రోజు మా అన్నకు తెల్లవారదు.

ఆ నెలాఖరున తరుగు ఎక్కువ వచ్చింది. తరుగు అంటే పనికి ఇచ్చిన బంగారంలోంచి నగల బరువు, డబ్బా దుమ్ములో దొరికిన పొడి బరువు తీసెయ్యగా లెక్కకు రాకుండా పోయేది. ఎంత జాగ్రత్తగా చేసినా కొంచెం పోతుంది. అది ఎప్పుడూ ఉండేదే. ఈసారి మాత్రం అన్న కాటా తుడిచి మళ్లీ తూచాడు. తరువాత కాటానే మార్చి తూచాడు. ఆచారి మొహం మాడిపోయింది.

"నా చేత్తో ఇట్లా ఎప్పుడూ పోలేదు సామీ," అన్నాడు.

"నిన్ను ఎవరు ఏమన్నారప్పా ఇప్పుడు?" అన్నాడు అన్న.

అతన్ని అనకపోతే ఇంక ఎవరిని అన్నట్టు? ఆ గదిలో పీటలు రెండే.

మరుసటి నెలా అంతే. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నోరు నాకూ ఉంది, తిరిగి అనేదాన్ని. ఏమీ అనకుండా ఇంట్లో గాలే మారిపోయింది. సాయంత్రాలు నేను రెక్కలు ఇంకా పలచగా రుద్దుకుంటుంటే అన్న ఊరికే వచ్చి పోయేవాడు. అగ్గిపెట్టె యాడ ఉండాదని అడిగేవాడు, దాన్ని చేతిలోనే పట్టుకుని. నేను చేతులు కడుక్కుంటుంటే వదిన అటుగా వచ్చి బేసిను వైపు చూసేది. నేను చూస్తే ఇడ్లీకి ఎంత నానబెట్టాలి అని అడిగేది. ఇన్నేళ్లూ నన్ను అడిగే నానబెట్టిందా పాపం!

ఒక సాయంత్రం నేను మెట్లు దిగి వస్తే అన్న నా గ్లైడరును కాటా మీద పెట్టి ఉన్నాడు. నన్ను చూసి తడబడలేదు. మా వాళ్లు తూచేటప్పుడు పట్టుబడితే సిగ్గుపడరు. తూచడం మాకు శ్వాస తీసుకోవడం.

"చెక్క చూస్తే గాలి మాదిరి ఉండాది. ముక్కు ఏంది ఇంత బరువు?" అన్నాడు.

నేను చెప్పాను. గొట్టం ఊడిపోవడం, తోక బరువు, తల ఎగరెయ్యడం, కుప్పకూలడం, అన్నీ చెప్పాను. వేలి మీద నిలబెట్టి కూడా చూపించాను. అన్న తల ఊపుతూ విన్నాడు. ఆ తల ఊపడం నాకు తెలుసు. పాత నగ తెచ్చినవాళ్లు ఇది మా అమ్మమ్మదని కథ చెబుతుంటే అచ్చం అట్లాగే ఊపుతాడు.

"అంతా లక్కేనా?" అన్నాడు చివరికి.

"లక్కే. ఏం, పొట్లం కట్టి ఇమ్మంటావా?"

నవ్వాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నాకూ అనుమానం తక్కువేమీ కాదు, అదే రక్తం కదా. మరునాడు గ్లైడరును పీట మీద పెట్టేటప్పుడు దాని కుడి రెక్క కిటికీ చువ్వకు సరిగ్గా తగిలేట్టు పెట్టి పోయాను. సాయంత్రం చూస్తే చువ్వకూ రెక్కకూ మధ్య వేలు పడుతుంది. భూతద్దం కంటికి పెట్టుకుని ముక్కు అంతా చూశాను. కింది వైపు, ఎవరికీ కనబడని చోట, సూది గుచ్చిన బొక్క. లోపల గట్టిగా ఏమైనా తగులుతుందేమోనని పొడిచి చూసిన బొక్క. రాళ్లు పొదిగే సూది అది, నా సూదే, నా డబ్బాలోంచి తీసి.

అరికాలి మంట నెత్తికెక్కింది. పైకి పోయి వంటింట్లో వదినను పట్టుకున్నాను.

"వదినా, మీ ఆయన నన్ను దొంగ అనుకుంటా ఉండాడా?"

వదిన చేతిలో గరిట అట్లాగే ఆగిపోయింది. "ఎవరు చెప్పినారు నీకు?" అంది.

లేదు అనలేదు చూడండి! ఎవరు చెప్పినారు అంది.

"నా గ్లైడరుకు సూది గుచ్చి చూసినాడు."

"గుచ్చితే ఏమైంది పాపా? లోపల ఏమీ లేకపోతే నీకు భయమేల?" అని, తానన్న మాట తనకే వినబడినట్టు, మళ్లీ, "ఆయప్పకు షాపు గురించి బేజారు. నువ్వు ఆ బొమ్మ పని ఇంగ చాలించు. అంతా సరిపోతుంది," అంది.

నేను చాలించలేదు. ఆ రాత్రి అన్న భోజనానికి కూర్చున్నప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆదివారం సైనైడ్ దిబ్బల పక్క మైదానంలో నా గ్లైడరు ఎగరేస్తాను, నువ్వు వచ్చి చూడు అని. ముక్కు ఎందుకు బరువుగా ఉందో కళ్లారా చూస్తే చాలు, మాటలతో పని లేదనుకున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాను.

"చూసిన తరువాత కూడా నీకు నా మీద అనుమానం ఉంటే చెప్పేయ్. నేను ఆ పీట దిగేస్తాను."

వదిన వడ్డించడం ఆపింది. అన్న అన్నం కలుపుతూ, "వస్తాను పాపా. ఏల రాను?" అన్నాడు. అంత వెంటనే ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఆదివారం ఉదయం ఎవరు పిలిచినా పేపరు వదిలి లేవని మనిషి. ఎందుకు ఒప్పుకున్నాడా అని నిద్ర పట్టేదాకా ఆలోచించాను.

సైనైడ్ దిబ్బలంటే మా ఊళ్లో గనుల్లోంచి తీసిన రాయి పిండి చేసి, సైనైడ్ కలిపి బంగారం లాగేసుకున్నాక పారబోసిన బూడిదరంగు మట్టి. గనులు మూతపడ్డాయి, అవి మిగిలాయి. కొండలంత ఉంటాయి. వాటి పక్క మైదానంలో కరెంటు తీగలు లేవు, చెట్లు తక్కువ. చలికాలం పొద్దు, మంచు విడిచి ఎండ అప్పుడే కాక పుట్టిస్తోంది. అన్న, వదిన స్కూటరు మీద వచ్చారు. నేను నేలలో ఇనుప చువ్వ పాతి, గ్లైడరును దానికి తగిలించి, మందు గొట్టంలోకి తీగలు పెట్టి, అందరినీ వెనక్కి పొమ్మన్నాను.

"అది వాళ్ల మీద వీళ్ల మీద పడదు కదా?" అంది వదిన.

"పడితే నా మీదే పడుతుంది లే," అని స్విచ్చి నొక్కాను.

ఒక క్షణం ఏమీ కాలేదు. తరువాత బుస్సుమని పొగ, అది పోయింది! నిట్టనిలువుగా, కొంచెం మెలి తిరుగుతూ, కళ్లు చికిలించి చూసేంత పైకి. టప్. గొట్టం ఊడింది, దానికి కట్టిన ఎర్ర రిబ్బను వేలాడుతూ కిందికి దిగడం మొదలుపెట్టింది. నా గ్లైడరు ఒక్కసారి తల ఎగరేసింది. తరువాత ముక్కు దించుకుని, రెక్కలు సర్దుకుని, ఎడమ పక్కకు వాలి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఆ లక్క బరువు సరిగ్గా సరిపోయింది. అంటే నేను చెప్పింది నిజం. చూడు, చూడు అన్నా, అని కేకలు పెట్టాను. నోట్లోంచి ఏమేమి మాటలు వచ్చాయో నాకే తెలియదు, ఎగిరి గంతులు వేశాను.

అది దిగాలి. దిగలేదు. దిబ్బ మీద ఎండకు కాగిన గాలి పైకి లేస్తుందని నేను వీడియోల్లో విన్నాను కానీ, నా గ్లైడరుకే అది దొరుకుతుందని అనుకోలేదు. ఒక్కో చుట్టుకూ ఇంకొంచెం పైకి పోతోంది. గద్దలు తిరిగేంత ఎత్తుకు పోయింది. పోతూ పోతూ రోడ్డు దాటి నీలగిరి తోపు వైపు జరిగింది.

"యాడికి పోతా ఉండాది అది?" అన్నాడు అన్న.

"తెలీదు అన్నా! గాలి ఎత్తుకుపోతా ఉండాది!"

"పోతే మళ్లా రాదా?"

"రాకపోవచ్చు."

అప్పుడు మా అన్న పరుగెత్తాడు. షుగరు ఉన్న మనిషి, మేడ మెట్లు ఎక్కితేనే రొప్పే మనిషి, పంచె ఎగగట్టి, తల పైకెత్తి ఆ గ్లైడరునే చూస్తూ, పరుగు! ఒక చెప్పు ఊడిపోయింది, ఆగలేదు. రోడ్డు మీద లారీవాడు హారను కొట్టి తిట్టాడు, వినలేదు. నేను అట్లాగే నిలబడిపోయాను. నా వస్తువు పోతోందని నా అన్న వట్టి కాలితో పరుగెత్తుతున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనిషినా నేను రెండు నెలలుగా తిట్టుకుంటున్నాను, నా బుద్ధి కాల్చ అనుకున్నాను. ఆయన చెప్పు తీసుకుని నేనూ పరుగెత్తాను.

తోపు లోపల కొంత దూరం పోయాక కనబడ్డాడు. ఒక మోరీ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గ్లైడరు ఆయన ఒళ్లో ఉంది. రెక్కలు రెండూ బాగానే ఉన్నాయి, ఒక్క గీత కూడా పడలేదు, అంత మెత్తగా దిగింది. ముక్కు లేదు. విరిచేశాడు. లక్కను వేళ్లతో నలిపి ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కా నల్లటి రాయి మీద గీస్తున్నాడు. గీటురాయి. బంగారం అవునో కాదో చూసే గీటురాయి. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే చొక్కా జేబులో వేసుకుని వచ్చాడు.

నేను వచ్చిన అలికిడికి తలెత్తాడు. ఇంకా రొప్పుతున్నాడు.

"ఏమి చేస్తా ఉండావు అన్నా?"

"ఏమీ లేదు పాపా. సుమ్నె, ఊరికే చూస్తా ఉండాను."

"ఏమి ఉండాది అందులో?"

రాయి వంక చూశాడు, నా వంక చూశాడు. "లక్కే," అన్నాడు.

ఆ గొంతులో ఊరట ఉంటుందేమోనని విన్నాను. లేదు. వెతికింది దొరకని మనిషి గొంతు అది. ఇందులో లేకపోతే ఇంక యాడ పెట్టిందో అని ఆలోచిస్తున్న మొహం. ఆయన పరుగెత్తింది నా గ్లైడరు పోతోందని కాదు, నేను బంగారాన్ని గాలిలో ఊరు దాటిస్తున్నానని. అవతల ఎవరో పట్టుకోవడానికి నిలబడి ఉంటారని కూడా అనుకున్నాడేమో. చేతిలో ఉన్న చెప్పు ఆయన కాళ్ల దగ్గర పడేసి వెనక్కి తిరిగాను.

మరునాడు పీట ఎక్కలేదు. నా పనిముట్లు గుడ్డలో చుట్టి మేడ మీదికి తెచ్చుకున్నాను. అన్న అడ్డు చెప్పలేదు. రాళ్ల పని కూడా ఆచారే చేశాడు, తిట్టుకుంటూ. నేను వంటింట్లో వదినకు కూరగాయలు తరుగుతూ, ఎవరి దయ మీదో బతికే మనిషిలా నెల గడిపాను.

ఆ నెల తరుగు మామూలుగా వచ్చింది.

మెట్ల మీద ఉండగా అన్న వదినతో అనడం విన్నాను. "చూస్తివా? ఇప్పుడు సరిపోయింది. నేను ఏమీ అనను. నా చెల్లెలు కదా. అయినా సరిపోయింది చూస్తివా?"

మొదట ఏడ్చాను. తరువాత ఏడవడం చాలించి ఆలోచించాను. నేను దొంగను కాను, ఆ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. మరి నేను పీట మీద ఉంటే ఎందుకు పోతుంది, దిగితే ఎందుకు ఆగుతుంది? నాతో పాటు ఆ గదిలోంచి ఇంకా ఏమి పోయింది? బాల్సా పోయింది. బాల్సా పొట్టు పోయింది. పొట్టు ఊడ్చే పని పోయింది. అక్కడికి వచ్చేసరికి నా చేతిలో బీన్సు కాయ కింద పడింది.

పగలంతా అదే మూల కూర్చుని నేను నగల అంచులు ఆకురాయితో అరగదీసేదాన్ని. సన్న బంగారు రజను నా చుట్టూ నేల మీద పడేది. సాయంత్రం దాని మీద మైదాపిండిలా బాల్సా పొడి పడేది. అన్న వచ్చి తెల్లగా కనబడేదంతా చెక్కపొట్టు అనుకుని, మా నాన్న పద్ధతి తప్పి, డబ్బాలో పొయ్యకుండా చేటకెత్తి బయటికి పంపేవాడు. రోజూ, తన చేత్తో.

"వదినా, ఆ పొట్టు యాడ పోసినావు?"

"కరేపాకు చెట్టు మొదట్లో. ఎరువు అవుతుందని. ఏమి?"

చెట్టు మొదట్లో మట్టి తవ్వి, బకెట్లకెత్తి, పెరట్లోనే కాల్చి కడిగాను. నేను ఆచారి శిష్యురాలిని, అది నాకు చేతకాని పని కాదు. వదిన ముందు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది, తరువాత కొంగు బిగించి తనే నీళ్లు తోడింది. పళ్లెం అడుగున పసుపుపచ్చటి గీత తేలినప్పుడు ఆమె చెంబు కింద పెట్టేసింది. నా చెయ్యి పట్టుకుంది. ఆచారి దాన్ని కరిగించి గుండు చేసి ఇచ్చాడు, తల ఎత్తకుండా.

అన్న గల్లా దగ్గర ఒక్కడే ఉన్నప్పుడు ఆ గుండు ఆయన ముందు పెట్టాను. యాడ దొరికిందో, ఎందుకు దొరికిందో, ఎవరు పారేశారో చెప్పాను. గొంతు పెంచలేదు. నా జీవితంలో అంత నెమ్మదిగా నేను మాట్లాడింది లేదు. చెప్పి, ఎదురు చూశాను. నాకు కావలసింది ఎంతని! తప్పయింది పాపా అని కూడా అక్కర్లేదు. నీ పీట ఎక్కు అంటే చాలు.

అన్న గుండును వేళ్లతో తిప్పి చూశాడు. కాటా దగ్గరికి లాక్కున్నాడు. అద్దం తలుపు మూసి, అంకెలు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. కళ్లు పైకెత్తి మనసులో ఏదో కూడుకున్నాడు, తీసేసుకున్నాడు.

"అయినా ఇంగా స్వల్ప తక్కువ ఉండాది పాపా," అన్నాడు.

ఇప్పుడు నేను బంగారుపేటలో ఒక నగల దుకాణంలో రాళ్లు పొదుగుతున్నాను. ఆ వీధిలోనే ఒక గది తీసుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు అక్కడ అందరి సంచులూ విప్పి చూస్తారు, నాదీ విప్పి చూస్తారు, టిఫిను డబ్బా మూత కూడా తీయిస్తారు. నాకేమీ బాధ లేదు. వాళ్లెవరూ నన్ను పాపా అని పిలవరు.